నీల పేరు మీద నలభై ఆరేళ్లు

కోరుట్ల,
8 జూలై 2024

నీలకు వదినె భూదవ్వ చెప్పి రాయిస్తున్న సంగతులు.

ఫోన్ చేస్తే నీకు వినపడదు. సిరిసిల్ల పోయి మరమగ్గాల షెడ్డు పక్కన ఎనిమిదేళ్లు కాపురం ఉండి చెవులు పోగొట్టుకున్నావు. నీ కొడుకు ధనుంజయ్‌కు చెబితే సగమే నీదాకా వస్తుంది. అందుకని మా పక్కింటి అంగన్‌వాడీ టీచరు శోభను ఎదురుగా కూర్చోబెట్టుకుని చెబుతున్నాను. నేను నోటికొచ్చినట్టు మాట్లాడితే ఆమె పుస్తకాల తెలుగులోకి మారుస్తున్నది. మారిస్తే మార్చింది గాని, ఎవరు ఎవరితో ఏమన్నారో అది మాత్రం ఉన్నదున్నట్టు రాయమన్నాను.

పోయిన సోమవారం మన గల్లీ బీడీల ఆడవాళ్లం ఏడుగురం జగిత్యాల పోయాం. బీడీ కార్మికుల గుర్తింపు కార్డుకు దరఖాస్తులు తీసుకుంటున్నారు. ఆ కార్డు ఉంటే కార్మికుల దవాఖానలో చూస్తారు. పెద్ద రోగమైతే పట్నం పంపి వాళ్లే వైద్యం చేయిస్తారు. నాకు రెండు మెట్లెక్కితే దమ్ము వస్తున్నది. మందులు కొనడం నావల్ల కాదు.

నా వంతు వచ్చేసరికి కౌంటరులో కూర్చున్న శ్రీధర్ అనే ఆయన కార్ఖానా పాస్‌బుక్ తిరగేసి, నా ఆధార్ చూసి, రెండూ మళ్లీ నా చేతిలోనే పెట్టాడు.

"అవ్వా, బుక్కుల పేరు నీల. నువ్వు భూదవ్వవు. గీ నీల ఎవలు?"

"నా ఆడబిడ్డ. పేరు గామెది, పని నాది."

ఆయన నవ్వలేదు, కసురుకోలేదు. గోడకు అంటించిన కాగితం చదివి వినిపించాడు. కార్ఖానా రిజిస్టరులో పేరుండాలి. కార్ఖానా ఇచ్చే సర్టిఫికెట్ ఆ పేరు మీదే రావాలి. ఆధార్ ఆ పేరుదే కావాలి. బీడీలు చుట్టే మనిషి ఆ మనిషే కావాలి. నాలుగింట్లో ఒక్కటి కలవకపోయినా అర్హత లేదట. నా దగ్గర నాలుగోది ఒక్కటే ఉంది. అది కాగితం కాదు, నా చేతులు.

మొదటి నుంచి చెప్పాను ఆయనకు. నేను కోడలిగా వచ్చిన ఏడే నీ పెళ్లయింది. అప్పటికి కార్ఖానా వాళ్లు పనివాళ్లకు కొత్త నంబర్లు ఇవ్వడం బందు పెట్టారు. ఆడపిల్ల అత్తగారింటికి పోతూ తన నంబరు పుట్టింట్లో వదిలిపోవడం, వచ్చిన కోడలు ఆ నంబరు మీద పనికి కూర్చోవడం మన కోరుట్లలో ఏ ఇంట్లో లేదు? నువ్వు వెనక గల్లీలో అత్తగారింటికి పోయి నీ అత్త నంబరు మీద చుట్టావు, నేను నీ నంబరు మీద చుట్టాను. నాలుగు వందల పదిహేడో నంబరు. ఆకు ఇచ్చి బీడీలు తీసుకునే టేకేదారు "నీలా" అని పిలిస్తే నలభై ఆరేళ్లు "ఆఁ" అని పలికింది నేను. ఇదంతా విని శ్రీధర్ "నువ్వు చెప్పేది నిజమే కావచ్చు అవ్వా, కాగితం మీద నువ్వు లేవు" అన్నాడు. వెనక వాళ్లు తోస్తున్నారని లేచి వచ్చాను గాని, లేకపోతే ఆ కౌంటరు మీదే కూర్చుందును.

నువ్వు వచ్చే గురువారం రావాలి. ఆధార్ తెచ్చుకో. నోటరీ ముందర నిలబడి, పేరు నాది, చుట్టింది మా వదినె అని సంతకం పెట్టాలి. అంతే నీ పని. మీ అన్న కనకయ్య సంవత్సరీకానికి నువ్వు రాలేదు. కాకులకు పిండం పెట్టి నీ కోసం బస్టాండు దిక్కు చూస్తూ మధ్యాహ్నం దాకా అన్నం ముట్టలేదు. అది నేను మరిచిపోలేదు. దీనికి కూడా రాకపోతే అప్పుడు మాట్లాడుకుందాం.

చెప్పింది భూదవ్వ, వేలిముద్ర తనదే.


సిరిసిల్ల,
22 జూలై 2024

వదినెకు దండం పెట్టి నీల రాసుకుంటున్నది.

ఉత్తరం అందింది. నువ్వు ఎదురుగా కూర్చుని కోపం చేసినట్టే ఉంది, చదువుతూ నవ్వుకున్నాను కూడా. ఏడో తరగతి చదువు, తప్పులుంటే శోభను సరిచేసి చదవమను.

గురువారం రాలేకపోయాను. మోకాళ్లు, పైగా బస్సు. అన్న సంవత్సరీకం సంగతి ఎత్తావు. ధనుంజయ్ నీకు ఫోన్ చేసి నా సంగతి చెప్పానన్నాడు. నువ్వు విని ఒక్క మాట అని పెట్టేశావట. తెలిసి కూడా అడగలేదు కాబట్టి నేనూ మళ్లీ రాయను.

పాస్‌బుక్ మాత్రం పంపించు. వాడికి ఈ ఆఫీసుల సంగతి తెలిసిన మనిషి ఉన్నాడు. పేరు మార్పించే దారి ఏమన్నా ఉందేమో అడుగుతాడట. మా గల్లీ హన్మండ్లు శ్రావణం రాగానే కోరుట్ల పెళ్లికి వస్తున్నాడు, ఆయన చేతికి ఇవ్వు. కాగితం తడవకుండా కవరులో పెట్టు.

ఇక్కడ వానలు లేవు. మగ్గాలు వారంలో మూడు రోజులే నడుస్తున్నాయి. నడవని రోజు కూడా నా చెవుల్లో నడుస్తూనే ఉంటాయి. ఆయాసం వస్తే వామాకు నమిలి చూడు.

నీ మరదలు నీల


కోరుట్ల,
19 సెప్టెంబరు 2024

నీలకు.

బాగున్నావా అని అడగను. నన్ను ముంచి బాగానే ఉండి ఉంటావు.

నిన్ను నమ్మి పాస్‌బుక్ హన్మండ్లు చేతికిచ్చాను. ప్లాస్టిక్ కవరులో పెట్టి, పైన గుడ్డ చుట్టి ఇచ్చాను. నెల చూశాను. నీ నుంచి జవాబు లేదు. పేరు మార్చాలంటే కార్ఖానా సర్టిఫికెట్ కావాలేమో, ముందే తీసి పెట్టుకుందామని మొన్న కార్ఖానాకు పోయాను. అక్కడ గుమాస్తా నన్ను చూసి తల గోక్కున్నాడు.

"నాలుగు వందల పదిహేడుకు సర్టిఫికెట్ ఇచ్చినం గదా. ధనుంజయ్ వచ్చి తీస్కపోయిండు. వాళ్లమ్మ పేరు మీద కార్డుకు పెడుతున్నరట."

నలుగురు ఆడవాళ్ల ముందర అన్నాడు ఆ మాట. వాళ్లు నీళ్లు తాగించారు. మీ ఆడబిడ్డేనా అని ఒకామె, ఆడబిడ్డే అని ఇంకొకామె.

నీలా, నీ దగ్గర మూడు కాగితాలు ఉండవచ్చు. ఆ బీడీలు నువ్వు చుట్టావా? అమావాస్య సెలవు తప్ప సెలవు ఎరగను. ఒళ్లోని బీడీల చేట దించి పిల్లలకు అన్నం పెట్టి మళ్లీ చేట ఎత్తుకున్నాను. మీ అన్న మగ్గానికి కండెలు చుట్టింది వేరే. ఇన్నేళ్లు నీ పేరుకు పలికినందుకు నువ్వు నాకు చేసింది ఇదా? అడిగి ఉంటే ఇవ్వనని అందునా? అనే దాన్నే. అందుకే అడగలేదు నువ్వు.

నిన్న మళ్లీ జగిత్యాల పోయాను. శ్రీధర్‌కు చెప్పి కాగితం రాయించాను. నాలుగు వందల పదిహేడు మీద నీల ఒక్క బీడీ ఆకు ముట్టలేదు, ఆమెకు కార్డు ఇవ్వొద్దు అని. వేలిముద్ర వేశాను. ముద్ర సరిగ్గా పడలేదని మూడుసార్లు వేయించారు. మూడుసార్లూ గట్టిగా నొక్కాను.

శోభ ఈ ఉత్తరం రాయనంటున్నది. రాయకపోతే రేపు ఆమె అంగన్‌వాడీకే పోయి పిల్లల ముందర చెబుతానన్నాను. రాస్తున్నది.

భూదవ్వ


సిరిసిల్ల,
4 అక్టోబరు 2024

వదినెకు నీల.

నీ ఉత్తరం రెండుసార్లు చదివాను. నువ్వన్న దాంట్లో అబద్ధం ఏమీ లేదు. పేరు మార్పిస్తానని రాసింది నేనే. ధనుంజయ్ రాయమన్నాడు, అబద్ధమని తెలిసే రాశాను.

కాని ఒక సంగతి నాకు ఇప్పుడు అర్థమవుతున్నది. నీకు తెలియదు. నీకు తెలిసి ఊరుకున్నావని నేను ఇన్ని రోజులుగా మనసులో పెట్టుకున్నాను. ఫోన్‌లో ఏం చెప్పావురా అని నిన్న ధనుంజయ్‌ని నిలదీశాను. "అమ్మ పాణం మంచిగ లేదు అత్తమ్మా అన్న. పాణం ఎవలకు మంచిగున్నది, రానోళ్లు రామని చెప్పుండ్రి అని పెట్టేసింది" అన్నాడు. వాడు అంతకంటే చెప్పలేదు. నువ్వు అంతకంటే అడగలేదు.

నా కుడి ఊపిరితిత్తిలో గడ్డ ఉంది వదినె. వేసవిలో దగ్గితే నెత్తురు పడింది. కరీంనగర్‌లో ముక్క తీసి చూశారు. క్యాన్సర్ అన్నారు. అన్న సంవత్సరీకం రోజు నేను ఆ దవాఖానలో ఉన్నాను. డాక్టరు తంబాకు తింటావా అని అడిగాడు. తినను, దాని దుమ్ము పీల్చాను అన్నాను. బీడీలు తాగుతావా అన్నాడు. తాగను, చుట్టిన అన్నాను. ఆయన రాసుకున్నాడు.

ధనుంజయ్ వేరు పడ్డప్పుడు రేషన్ కార్డు విడగొట్టారు. వాడి కార్డులోకి నా పేరు ఎక్కలేదు, పాత దాంట్లో నుంచి ఎగిరిపోయింది. ఆ కార్డు లేక సర్కారు వైద్యం లేదంటున్నారు. కొత్తగా పెట్టాం, ఎప్పుడొస్తుందో ఎవరూ చెప్పరు. బీడీ కార్మికుల కార్డు ఉంటే పట్నం పంపుతారని తెలిసింది. నేనూ చుట్టిన దాన్నే గదా అనుకున్నాను. ముప్ఫై ఎనిమిదేళ్లు చుట్టాను. ఎవరి పేరు మీద? మా అత్త పేరు మీద. ఆమె చచ్చిపోయిన తర్వాత కూడా ఇరవై రెండేళ్లు ఆమె పేరుకే చుట్టాను. టేకేదారు పిలిస్తే చచ్చిన మనిషి పేరుకు పలికాను. నేను సిరిసిల్ల వచ్చినంక ఆ నంబరు కొట్టేశారు. ఈ లోకంలో నా పేరున్న రిజిస్టరు ఒక్కటే, అది నువ్వు చుట్టింది.

నిన్ను అడిగితే ఇస్తావని తెలుసు. ఇచ్చి, నీ దమ్ముతో నువ్వు ఆ ఇంట్లో ఒక్కదానివే ఉంటావని కూడా తెలుసు. అందుకే అడగలేకపోయాను. దొంగతనం చేయడం అడగడం కంటే తేలికయింది.

నువ్వు పెట్టిన కాగితం తీసెయ్యమని నేను రాయడం లేదు. నీ కష్టం నీది. డాక్టరు మాత్రం సంక్రాంతి దాటనివ్వొద్దు, మందు ఎక్కించడం మొదలుపెట్టాలి అన్నాడు. దవాఖాన ఖర్చు మా వల్ల కాదు.

నీల


కోరుట్ల,
11 నవంబరు 2024

నీలా,

ఇది చదివి చించెయ్యి. చించి పొయ్యిలో పెట్టు. ధనుంజయ్‌కు చూపించొద్దు, వాడికి నోరు ఆగదు.

నీ ఉత్తరం శోభ చదువుతుంటే నడుమ ఆపి లోపలికి పోయాను. తిరిగి వచ్చి మిగతాది చదవమన్నాను. తెల్లారి జగిత్యాల బస్సెక్కాను.

కాగితం వాపసు ఇవ్వమంటే శ్రీధర్ ఇవ్వలేదు. ఒకసారి అభ్యంతరం పెట్టినంక విచారణ కావాలట. పెద్ద మేడం దగ్గరికి పంపాడు. తేజస్విని అని, నా మనవరాలి ఈడు. మంచి పిల్ల. కుర్చీ వేయించి కూర్చోబెట్టింది. నేను కోపంలో అబద్ధం పెట్టాను, చుట్టింది నా ఆడబిడ్డే అన్నాను. ఆ పిల్ల నమ్మలేదు.

"నిన్నెవలన్న బెదిరించిన్రా అవ్వా? భయపడకు. నువ్వు చుట్టిన దానివైతే నాకు చెప్పు."

చెబితే ఏమవుతుంది అని అడిగాను. చుట్టింది నేనని తేలితే నీల దరఖాస్తు కొట్టేస్తారు. మరి నాకు ఇస్తారా అన్నాను. రిజిస్టరులో నా పేరు లేదు, ఇవ్వడానికి రాదు అన్నది. నిజం చెబితే ఇద్దరికీ లేదు. అప్పుడు నాకు దారి తెలిసింది.

నాకు బీడీలు చుట్టడమే రాదు అన్నాను.

ఆ పిల్ల బయట వంతు కోసం కూర్చున్న ఆడవాళ్లను పిలిచి, వాళ్ల సంచిలో నుంచి ఆకు, తంబాకు, దారం, కత్తెర తెప్పించింది. చేట నా ఒళ్లో పెట్టించింది. చుట్టు అన్నది.

నీలా, చేట ఒళ్లోకి రాగానే నా మోకాళ్లు వాటంతట అవే సర్దుకున్నాయి. వేళ్లు ఆకు తీసుకుని ఈనె ఎటుందో తడిమాయి. వాటిని ఆపడం ఎంత కష్టమో నీకు తప్ప ఎవరికీ తెలియదు. ఈనెకు అడ్డంగా కత్తిరించాను. తంబాకు దోసిట్లో తీసినట్టు తీసి పోశాను. చుట్టబోతే ఆకు పటుక్కున చీలింది. రెండోది దారం కట్టేలోపే విప్పుకుంది. మూడోదానికి మూతి మడవలేదు, తంబాకు చేటలో రాలింది. ఆ ఆడవాళ్లు నవ్వారు. ఒకామె "గీమెకు కార్డు గావాల్నా, మా ఇంట్ల పిల్లలు నయం" అన్నది. తల వంచుకుని కూర్చున్నాను. నన్ను ఎవరన్నా ఒక మాట అంటే నేను ఊరుకున్న రోజు ఏదన్నా ఉందేమో వెతుక్కో, అది ఇదొక్కటే.

మేడం నా బొటనవేలు పట్టుకుని చూసింది. గోరు పక్కన గాడి ఉంది గదా. కండెలు చుట్టి పడ్డదన్నాను. రాసుకుంది. ఏం రాసిందో శ్రీధర్ చదివి వినిపించాడు. అభ్యంతరం పెట్టిన భూదవ్వకు బీడీలు చుట్టడం రాదని విచారణలో తేలింది, ఆమె కార్మికురాలు కాదు. దాని కింద వేలిముద్ర వేశాను. ఇక ముందు నేను ఎప్పుడు కార్డుకు పోయినా ఆ కాగితమే తీస్తారట.

ఇప్పుడు నీ పని ఉంది. మేడం నీ దగ్గరికి సిరిసిల్ల వచ్చి నిన్నూ అడుగుతుంది. తప్పు చెప్పావో, నా మొఖాన ఉమ్మేసినట్టే. నేను చెప్పేది పాఠం లెక్క నేర్చుకో.

కార్ఖానా మొదట రేకుల షెడ్డులో ఉండేది, వానొస్తే తడిసే ఆకు మీద గోనెసంచులు కప్పేవాళ్లం. తర్వాత మార్కెట్ వెనక్కి మారింది. మొదటి టేకేదారు సాయిలు, కుడి చేతికి రెండు వేళ్లు లేవు, ఎడమ చేత్తో మంచివీ చెడ్డవీ ఏరేవాడు. దారం ముందు గులాబి రంగు, తర్వాత పచ్చ. నీకు పని నేర్పింది మీ అమ్మ, అది ఎట్లాగూ నిజమే. సిరిసిల్ల పోయినంక ఎట్లా చుట్టావని అడుగుతుంది. అన్న పోయినంక వదినెకు తోడుగా నెలలో ఇరవై రోజులు కోరుట్లలోనే ఉండి చుట్టాను అని చెప్పు. అంతకుముందు కూడా అన్నకు ఒంట్లో చేతకాక వచ్చి ఉన్నాను అను.

ఇంకొకటి. రిజిస్టరులో ఒక ఏడు శ్రావణంలో నాలుగు వందల పదిహేడు పదకొండు రోజులు పనికి రాలేదని ఉంటుంది. అన్నేళ్లలో అంత పెద్ద గ్యాపు అదొక్కటే, తప్పకుండా అడుగుతుంది. ఆడపిల్ల పుట్టి పోయిందని చెప్పు. తొట్టెల కాకముందే పోయింది, పేరు పెట్టలేదని చెప్పు. ఆ పిల్ల నీ పిల్లే అని చెప్పు. పన్నెండో రోజు నుంచి మళ్లీ చుట్టాను అను. ఎట్లా చుట్టావు అంటే, ఆకు నాని ఉంది, పాడైపోతుందని చుట్టాను అను. నేను అందుకే చుట్టాను.

శోభ ఏడుస్తున్నది. రాయడం ఆపొద్దని చెప్పాను.

జవాబు రాయి. నోట్లో నీళ్లు నమలకుండా చెప్పు మేడంకు.

భూదవ్వ


సిరిసిల్ల,
16 డిసెంబరు 2024

వదినెకు నీల.

మేడం మొన్న శుక్రవారం వచ్చింది. మంచం మీద నుంచి లేవబోతే వద్దన్నది. నాకు వినపడదని ధనుంజయ్ చెబితే, సంచిలో నుంచి పుస్తకం తీసి ఒక్కో ప్రశ్న పెద్ద అక్షరాలతో రాసి చూపించింది. నేను చదివి నోటితో చెప్పాను.

షెడ్డు చెప్పాను. సాయిలు వేళ్లు చెప్పాను. దారం రంగులు చెప్పాను. నెలలో ఇరవై రోజులు చెప్పాను. ఆకు తెచ్చి ఒక బీడీ చుట్టించింది, మంచం మీదే చుట్టాను, మూతి మంచిగా మడిచాను. పదకొండు రోజుల సంగతి రాసి చూపించింది. పిల్ల పోయిందని చెప్పాను. పేరు పెట్టలేదని చెప్పాను. నాకు ఏడుపొస్తే ఆమె పుస్తకం పక్కన పెట్టి నీళ్లు తెమ్మన్నది. ఆ పిల్లను నేను ఎత్తుకున్నాను గదా వదినె, మరిచిపోయానా.

కార్డు ఈ రోజు ధనుంజయ్ తెచ్చాడు. నా ఫోటో, నా పేరు, నీ నంబరు. ఇరవై మూడున పట్నం రమ్మన్నారు. మందు ఎక్కిస్తారట. తగ్గుతుందని ఎవరూ అనలేదు, మొదలుపెడదాం అన్నారు.

పోయే ముందర మేడం చివరికి ఒక ప్రశ్న రాసింది. అది నువ్వు నేర్పలేదు. "అన్నేళ్లు ఆ ఇంట్లో మీకు బీడీల పనిలో సాయం చేసినవాళ్లు ఎవరైనా ఉన్నారా?" అని. ఆమె కలం పట్టుకుని నా నోటి దిక్కే చూస్తున్నది. ధనుంజయ్ గుమ్మంలో నిలబడ్డాడు.

"ఎవ్వలు లేరు మేడం" అన్నాను.

ఆమె అదే రాసుకుని, నాతో సంతకం పెట్టించుకుని పోయింది.

నీల